చమురు పైసల లెక్కడిగినోడు

ఆఫ్రికాల ఫలానా దేశానికి చమురు దొరికిందట అని వార్త వచ్చినప్పుడల్లా నేను ఆగి చదువుత. 2010ల ఘనా తోడుడు షురు జేసింది. 2024ల సెనెగల్ జేసింది. ఉగాండా ఆల్బర్ట్ సరస్సు కాడి చమురును టాంజానియా సముద్రం దాక తీస్కపోయేటందుకు పైపులైను పట్టుకున్నది. వార్తలన్నీ ఒకటే తీరుగుంటయ్. రోజుకు ఎన్ని పీపాలు, ఏడాదికి ఎన్ని డాలర్లు, దాంతోని ఎన్ని రోడ్లు, ఎన్ని బడులు. ఇగ దేశం దశ తిరిగినట్టే అని రాస్తరు. అది చదివినంక నాకు ప్రతిసారి ఒక పొట్టి మనిషి యాదికొస్తడు. నోట్లె పైపు పెట్టుకొని పొగ తాగే మనిషి. కెన్ సారో-వీవా. నైజీరియాల పుట్టి, నైజీరియా సర్కారు చేతుల్లనే ఉరికెక్కిన రచయిత.

ఆయన నాకు ముందుగాల చమురు లెక్కల కాడ తెల్వలె, భాష కాడ తెల్సిండు. డిగ్రీల ఉన్నప్పుడు హాస్టల్ల ఒక సోపతిగాడు నా చేతుల 'సోజాబోయ్' అనే నవల పెట్టిండు. 1985ల అచ్చయిన పుస్తకం. ఊరి పోరగాడు ఒకడు మిల్ట్రీల చేరితే మర్యాద దొరుకుతదని యుద్ధానికి పోయి, ఆఖరికి ఎవలు దుష్మనో ఎవలు సోపతో తెల్వక ఆగమైతడు. కథ కంటె ముందు నన్ను పట్టుకున్నది దాని మాట. సరిగ్గ బడికి పోని పోరగాడు ఎట్ల మాట్లాడుతడో అట్లనే ఇంగ్లిషు రాసిండు. చెడిపోయిన ఇంగ్లిషు అని దానికి పేరు గూడ తనే పెట్టిండు. బడిల మన మాటను మోటు మాట అని పంతుళ్లు దిద్దంగ పెరిగినోన్ని నేను. ఆ పుస్తకం చదివితే నాకు ధైర్యమొచ్చింది. ఈయనెవలో తెల్సుకుందామని ఎతుక్కుంట పోతే, నవల ఒక పక్కకు పోయి చమురు ముందటికొచ్చింది.

సారో-వీవా 1941 అక్టోబర్ 10న బోరిల పుట్టిండు. అది నైగర్ నది సముద్రంల కలిసే కాడ ఉన్న ఒగోనీ ఇలాక. అటిటు వెయ్యి చదరపు కిలోమీటర్ల జాగ, ఆయన ఉద్యమం నాటికి ఐదు లక్షల జనం. కర్రపెండలం, పెండలం పండించుకునేటోళ్లు, మడ అడవుల కాల్వలల్ల చేపలు పట్టుకునేటోళ్లు. నైజీరియాల మూడు పెద్ద జాతులున్నయ్. ఉత్తరాన హౌసా-ఫులానీ, పడమర యోరుబా, తూర్పున ఇగ్బో. ఆళ్ల నడుమ రెండు వందలకు పైన చిన్న జాతులున్నయ్. అండ్ల ఒకటి ఒగోనీ.

1956ల ఒలోయిబిరి అనే ఊరి కాడ షెల్-బీపీ కంపెనీకి అమ్మేటంత చమురు తగిలింది. 1958ల మొదటి ఓడ బయిటికి పోయింది. అదే ఏడు ఒగోనీ గడ్డల గూడ చమురు దొరికింది. అప్పటికి కెన్ ఉమువాహియాల సర్కారు కాలేజీల చదువుకునే పోరడు. తెలివి గల పిల్లగాడని సీటొచ్చింది. ఆడికెల్లి ఇబాదాన్ యూనివర్సిటీకి పోయి ఇంగ్లిషు సాహిత్యం చదివిండు, నాటకాలాడిండు. ఊర్ల కాల్వల ఒడ్డుకు రిగ్గులు దిగుతుంటె ఆయన హాస్టళ్లల్ల ఉన్నడు.

ఇక్కడ నా సంగతి ఒక్క ముచ్చట చెప్పుకుంట. మాది బొగ్గు బాయిల ఇలాక. మా అమ్మమ్మోళ్ల ఊరి కింద బొగ్గున్నదని తెల్సిన నాడు ఊరంత సంబురపడ్డదట. అందరికి నౌకర్లొస్తయ్ అనుకున్నరు. తర్వాత కాయితాలు పట్టుకొని సార్లు వచ్చినప్పుడు మా తాతకు సమజైంది ఒక్కటే. భూమి పైన మాది, కింద సర్కారుది. కిందిది తియ్యాలంటే పైన ఉండొద్దు. ఆ ఊరు ఇప్పుడు లేదు. ఇల్లున్న జాగ ఇదని మా అమ్మ గూడ చూపించలేదు. అందుకనే ఒగోనీ కథ నాకు దూరపు దేశం ముచ్చట లెక్క అనిపించదు. అయితే ఆడ జరిగింది వేరే, దాని లోతు వేరే. రెంటినీ ఒకటే గాటన కట్టను.

సారో-వీవా జిందగిల అందరు సులువుగ దాటేసి పోయే భాగం ఒకటున్నది. నాకు అదే పెద్దదనిపిస్తది. 1967 మే నెలల తూర్పు నైజీరియా బియాఫ్రా అనే పేరుతోని వేరుపడ్డది. దాన్ని నడిపింది ఇగ్బోలు. ఒగోనీ గడ్డ బియాఫ్రా హద్దుల్లనే ఉన్నది. దేశం విడిపోయేటందుకు మూడు రోజుల ముందు కేంద్రంల ఉన్న మిల్ట్రీ పాలకుడు యాకుబు గొవాన్ దేశాన్ని 12 రాష్ట్రాలు చేసిండు. అండ్ల చిన్న జాతుల కోసం రివర్స్ అనే రాష్ట్రం గూడ ఉన్నది. ఇరువై ఐదేండ్ల సారో-వీవా లెక్కేసుకున్నడు. బియాఫ్రా గెలిస్తే మనం ఇగ్బోల కింద చిన్న జాతిగ ఉంటం. నైజీరియా నిలబడితే మన రాష్ట్రం మనకొస్తది, మన చమురు మీద మన మాట నడుస్తది. బియాఫ్రా ఇడిసిపెట్టి కేంద్రం దిక్కు దాటిండు. గొవాన్ సర్కారు ఆయనను బోన్నీకి అడ్మినిస్ట్రేటర్ చేసింది. బోన్నీ అంటే చమురు ఓడలకెక్కే రేవు. ఆ యుద్ధంల గెలుపోటములు దాని మీదనే ఉన్నయ్. అంటే చమురు తాళం చెవి కేంద్రం చేతుల పడేటప్పుడు ఆ చెవి పట్టుకున్నోళ్లల్ల ఈయన గూడ ఒకడు.

ఆ యుద్ధంల పది లక్షలకు పైన మంది సచ్చిపోయిన్రు. ఆకలితోని సచ్చిన పసిపిల్లలే మస్తు మంది. బియాఫ్రా దిక్కున్నోళ్లల్ల సారో-వీవాను క్షమించనోళ్లు ఇప్పటికీ ఉన్నరు. ఆళ్ల బాధను తప్పని నేననను.

1970ల యుద్ధం అయిపోయింది. ఇగ చమురు లెక్క ఎట్ల మారిందో సూడున్రి. 1960ల స్వతంత్రం వచ్చినప్పుడు రాజ్యాంగంల ఒక పద్ధతి ఉండె. ఏ ప్రాంతంల కెల్లి ఖనిజం ఎల్తే, దాని రాబడిల సగం ఆ ప్రాంతానికే. అప్పుడు దేశానికి ముఖ్య ఆమ్దానీ కోకో, పల్లి, పామాయిలే. కోకో యోరుబాల దిక్కు, పల్లి హౌసాల దిక్కు, పామాయిల్ తూర్పు దిక్కు. పెద్ద జాతుల పంట పెద్ద జాతుల కాడనే ఉన్నన్ని రోజులు ఎవలది ఆళ్లకే అనే న్యాయం అందరికి మంచిగనే కొట్టింది. చమురు చిన్న జాతుల గడ్డల కెల్లి ఎల్లుడు షురు కాంగనే న్యాయం మారింది. 1969ల మిల్ట్రీ సర్కారు ఒక డిక్రీ తెచ్చింది, దేశంల చమురంత కేంద్రానిదే అన్నది. 1970ల సగం కాస్త 45 శాతం అయింది. 1978ల ఇంకో చట్టం వచ్చి భూమి మీద హక్కు గూడ రాష్ట్ర గవర్నర్ల చేతుల పెట్టింది. 1980ల నడుమకొచ్చేసరికి చమురు ఎల్లే ప్రాంతానికి మిగిలింది ఒకటిన్నర శాతం. యాబైల కెల్లి ఒకటిన్నరకు.

సారో-వీవా అప్పుడు రివర్స్ రాష్ట్రం సర్కార్లనే ఉన్నడు, కమిషనర్ కొలువుల. మంత్రి తీరు కొలువు. ఒగోనీలకు సొంత పాలన గావాలని అంటున్నడని 1973ల తీసేసిన్రు. గొవాన్ మీద, కేంద్రం మీద పెట్టుకున్న నమ్మకం గూడ అప్పటికి ఇరిగిపోవట్టింది.

అదే 1973ల అరబ్బు దేశాల యుద్ధంతోని చమురు ధర నాలుగింతలైంది. నైజీరియాకు ఎన్నడు సూడని పైసలొచ్చినయ్. ఆ పైసలను ఎట్ల వాడిన్రంటే, ఒక్క సిమెంటు ముచ్చట చాలు. మిల్ట్రీ బ్యారక్‌లు కట్టాలె, రోడ్లెయ్యాలె అని సర్కారు దిక్కున్న వేరే వేరే శాఖలు ఎవలికి ఆళ్లు సిమెంటుకు ఆర్డర్లిచ్చిన్రు. అన్నీ కలిపి దగ్గరదగ్గర 2 కోట్ల టన్నులు. లాగోస్ రేవు ఏడాదికి దింపుకోగలిగింది దాంట్ల చిన్న వంతు. 1975ల వందల ఓడలు సిమెంటు నింపుకొని సముద్రంల నిలబడ్డయ్. ఓడ ఆగిన ప్రతి రోజుకు కిరాయి కట్టాలె. కొందరు ముసలి ఓడలు పట్టుకొచ్చి, సిమెంటు దింపుడు కంటె ఆగుడుకే పైసలెక్కువొస్తున్నయని ఆడనే ఉండిపోయిన్రు. సముద్రపు గాలికి సిమెంటు గట్టిపడ్డది. ఇంకో దిక్కు ఎవుసం పాడైంది. కానో పట్నంల గుట్టలు గుట్టలుగ పేర్చిన పల్లి బస్తాలు ఒకప్పుడు బొమ్మల పుస్తకాలల్ల కెక్కినయ్. అవి కనవడకుంట పోయినయ్. పామాయిల్ అమ్మిన దేశం పామాయిల్ కొనుక్కునే కాడికొచ్చింది. బియ్యం ఓడలల్ల దిగినయ్. చమురు డాలర్లతోని దేశం రూకకు లేని బలం వచ్చి, బయిటి సరుకు చవకైంది. చవక బియ్యం ముందట ఊరి రైతు ఎట్ల నిలవడుతడు?

ఈ కాలంల సారో-వీవా ఏం చేసిండంటే యాపారం చేసిండు. పోర్ట్ హార్కోర్ట్‌ల కిరాణ, బయిటి సరుకు దిగుమతి, జాగలు, ఇండ్లు. మంచిగనే సంపాదించిండు. పిల్లలను ఇంగ్లాండ్‌ల పెద్ద బడులకు తోలిండు. ఆయనను దేవుణ్ని చెయ్యబోయేటోళ్లు ఈ మాట దాస్తరు. నాకు దాసుడు ఎందుకో సమజ్ కాదు. చమురు పైసలు పట్నాలల్ల పారుతున్నప్పుడు ఆ పారకం పక్కపొంటి నిలబడి బతికినోడే, అది ఏడికెల్లి వస్తున్నదో ఏడికి పోతున్నదో దగ్గర కెల్లి సూసిండు.

సూసిందాన్ని మొట్టమొదలు నవ్వు చేసి పెట్టిండు. 1980ల నడుమ 'బాసి అండ్ కంపెనీ' అని టీవీ సీరియల్ రాసి, తనే తీసిండు. లాగోస్‌ల ఒక గల్లీ. బాసి అనేటోడు ఇంటి కిరాయి కట్టడు, పని చెయ్యడు, రేపు పొద్దుగాలకు కోటీశ్వరుణ్ని అయిత అంటడు. ఇంటి ఓనరమ్మ గూడ అదే కలల ఉంటది. సోపతిగాళ్లు గూడ అంతే. ప్రతి వారం ఒక కొత్త ఉపాయం, ప్రతి వారం బోర్లపడుడు. దేశం దేశమే టీవీల ముందట కూసొని నవ్వింది. ఐదేండ్లు నడిచింది. బాసిని సూసి నవ్వినోళ్లల్ల రేవుల సిమెంటు ఆర్డర్లిచ్చిన ఆఫీసర్లు గూడ ఉండే ఉంటరు. పని లేకుంట పైసలొస్తయనే నమ్మకం ఆ గల్లీల పుట్టింది గాదు, పై కెల్లి దిగింది.

1990ల ఆయన నవ్వుడు ఆపేసిండు. అప్పటికి ఒగోనీల చమురు ఎల్లుడు షురువై 32 ఏండ్లు. పైపులైన్లు ఇండ్ల పక్క కెల్లి, చేన్ల నడుమ కెల్లి పోతయ్. పైపులు పలిగి చమురు కాల్వలల్ల కలుస్తది. చమురుతోని కల్సి వచ్చే గ్యాసును ఊర్ల కాడనే రాత్రింబవళ్లు కాలవెడుతరు. ఆ ఏడు ఆగస్టుల ఒగోనీ పెద్దలు కూసొని హక్కుల పత్రం రాసి సంతకాలు పెట్టిన్రు. రాయించుట్ల సారో-వీవాది పెద్ద చెయ్యి. మా గడ్డ కెల్లి ముప్పై బిలియన్ డాలర్ల చమురు పోయిందని లెక్క గట్టిన్రు. మాకు నల్లా నీళ్లు లేవు, కరెంటు లేదు, కేంద్రంల నౌకర్లు లేవని రాసిన్రు. వేరే దేశం గావాలె అనలె. మా పాలన మేం చేసుకుంటం, మా సంపదల న్యాయమైన వాటా మాకియ్యున్రి, మా నేల మా నీళ్లు కాపాడుకునే హక్కియ్యున్రి అన్నరు. ఒకప్పుడు కేంద్రాన్ని నమ్మి బోన్నీ రేవు కాసినోడు, ఇరువై ఏండ్లకు అదే కేంద్రానికి ఈ లెక్కలు పంపిండు. 'మోసాప్' అనే సంఘం గూడ అప్పుడే పుట్టింది.

1993 జనవరి 4న ఒగోనీ అంత రోడ్ల మీదికొచ్చింది. మూడు లక్షల మంది నడిచిన్రంటరు. ఐదు లక్షల జాతిల మూడు లక్షలు! చేతులల్ల కట్టెలు గాదు, పచ్చటి కొమ్మలు. ఆ ఏడే షెల్ కంపెనీ ఒగోనీల తోడుడు ఆపేసింది. ఆ వసంతంల ఇంగ్లాండ్‌ల చదివే ఆయన కొడుకు పద్నాలుగేండ్ల పిల్లగాడు ఆటల కూలి సచ్చిపోయిండు. మట్టి జేసొచ్చి మళ్ల ఊర్లు తిరిగిండు.

ఇగ ఇక్కడ కథ గజిబిజి అయితది, సాఫుగ చెప్తే అబద్ధమైతది. 1993 జూన్ ఎన్నికలల్ల ఓట్లెయ్యొద్దని సంఘం తీర్మానించింది. సంఘం అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు అది తప్పని రాజీనామా చేసిన్రు. సారో-వీవా అధ్యక్షుడైండు. పాత సోపతులు ఇరిగినయ్. సర్కారుతోని మాట్లాడుకుందాం అనే పెద్దలను ఊర్లల్ల పోరగాళ్లు అమ్ముడుపోయినోళ్లు అనుడు షురు జేసిన్రు. ఆ నవంబర్ల సాని అబాచా గద్దె ఎక్కిండు. ఒగోనీల మిల్ట్రీ దిగింది, ఊర్లు కాలినయ్. 1994 మే 21న గియోకూ అనే ఊర్ల మీటింగు కాడ గుంపు మీదవడి నలుగురు ఒగోనీ పెద్దలను సంపింది. అండ్ల ఒకరు సారో-వీవాకు ఏండ్ల కెల్లి సోపతి, ఇద్దరు ఆయనకు చుట్టరికం ఉన్నోళ్లు. ఆ నలుగురి ఇండ్లల్ల గూడ పిల్లలున్నరు. సారో-వీవా మీద రాసేటోళ్లు ఆ పేర్లను ఒక్క వాక్యంల దాటిపోతరు, నేను గూడ ఇప్పుడు అదే చేస్తున్ననేమో.

ఆ దినం సారో-వీవా ఆ ఊర్లె లేడు. మిల్ట్రోళ్లు తొవ్వల ఆపి ఇంటికి పంపిన్రు. అయినా సంపుమని చెప్పింది నువ్వే అని పట్టుకపోయిన్రు. మామూలు కోర్టుల గాదు, మిల్ట్రీ సర్కారు పెట్టిన ప్రత్యేక ట్రిబ్యునల్ల నడిపిన్రు. దాని మీద పై కోర్టుకు పోయే తొవ్వ లేదు. ఇది విచారణ గాదని లాయర్లు ఎల్లిపోయిన్రు. మాకు లంచమిచ్చి చెప్పించిన్రని ఇద్దరు సాక్షులు బయిటపడి చెప్పిన్రు. జైల్ల కెల్లి ఆయన రాసిన చిట్టీలు రొట్టె బుట్టలల్ల దాసుకొని బయిటికొచ్చినయ్.

ఆయన లోపలున్న ఆ కాలంలనే ఇంకో లెక్క తేలింది. అబాచా సర్కారే పయస్ ఒకిగ్బో అనే ఆర్థికవేత్తను కేంద్ర బ్యాంకు లెక్కలు సూడుమని పెట్టింది. 1994ల ఆయన తేల్చింది ఏందంటే, 1988 కెల్లి చమురు పైసలల్ల 12.4 బిలియన్ డాలర్లు బడ్జెట్టుకు బయిటి ఖాతాలల్ల ఏసి, అడిగేటోడు లేకుంట ఖర్చు పెట్టిన్రు. గల్ఫ్ యుద్ధంల ధర పెరిగి వచ్చిన పైసలు గూడ అండ్లనే పోయినయ్. దానికి ఎవ్వలు జైలుకు పోలె. అబాచా 1998ల సచ్చిపోయినంక ఆయన దాసిన వందల మిలియన్ల డాలర్లు స్విట్జర్లాండ్ బ్యాంకులల్ల కెల్లి వాపస్ వచ్చినయ్. లెక్కడిగినోడు మాత్రం 1995 నవంబర్ 10న పోర్ట్ హార్కోర్ట్ జైల్ల ఉరికెక్కిండు. ఆయనెంబడి ఇంకో ఎనమండుగురు ఒగోనీలు. తెల్లారి నైజీరియాను కామన్‌వెల్త్ కెల్లి పక్కకు పెట్టిన్రు.

ఆయన సచ్చినంక ఆయన అడిగిందాంట్ల ఒక ముక్క దొరికింది. 1999 రాజ్యాంగం చమురు ఎల్లే రాష్ట్రాలకు తక్కువల తక్కువ 13 శాతం ఇయ్యాలన్నది. ఇక్కడ నాకు సారో-వీవాతోని ఒక పంచాయితి ఉన్నది. పైసలు దగ్గరికొస్తే చాలు, న్యాయమైతదని ఆయన నమ్మిండా? 13 శాతం రాష్ట్రాల కొచ్చింది. 2005ల బయెల్సా గవర్నర్ మనీ లాండరింగ్ కేసుల లండన్‌ల పట్టుబడ్డడు. డెల్టా గవర్నర్‌గ చేసిన ఇంకొకాయన 2012ల లండన్ కోర్టుల తప్పు ఒప్పుకుంటే 13 ఏండ్ల జైలు పడ్డది. ఇద్దరు చమురు గడ్డల పుట్టినోళ్లే, చిన్న జాతులోళ్లే. ఖాతా అబుజా కెల్లి రాష్ట్ర రాజధానికి మారింది, ఊరికి మారలె. అయితే ఆయన అడిగింది ఉత్త వాటా గాదు, పాలన గూడ అడిగిండు. పైసలిచ్చి పాలన ఇయ్యకుంటే ఏమైతదో నైజీరియా సూపెట్టింది. ఘనా ఇది సూసే 2011ల చమురు రాబడి మీద చట్టం చేసి, లెక్కలు సదివి జనానికి చెప్పేటందుకు జర్నలిస్టులు, కార్మిక సంఘాలు, ఊరి పెద్దల తరఫునోళ్లతోని కమిటీ పెట్టింది. దానికి శిక్షేసే తాకత్ లేదు. చదివే తాకత్ ఉన్నది. సారో-వీవాకు అది గూడ దొరకలె.

2009ల షెల్ కంపెనీ తప్పు ఒప్పుకోకుంటనే, ఉరికెక్కినోళ్ల కుటుంబాలు అమెరికాల ఏసిన కేసును ఒకటిన్నర కోటి డాలర్లకు పైన కట్టి తెంపుకున్నది. 2011ల ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఒగోనీ మట్టిని, నీళ్లను పరీక్ష చేసింది. ఒక ఊర్ల జనం తాగే బాయి నీళ్లల్ల బెంజీన్ ఉండాల్సిన దానికంటె 900 రెట్లు ఎక్కువున్నది. అంత బాగుచెయ్యాలంటే 25-30 ఏండ్లు పడ్తదని చెప్పింది. 2016ల పని షురు అయింది, నడుస్తనే ఉన్నది.

2025 జూన్ 12న నైజీరియా అధ్యక్షుడు ఆ తొమ్మిది మందికి క్షమాభిక్ష పెట్టిండు, బిరుదులు గూడ ఇచ్చిండు. తప్పు చేస్తే గదా క్షమించాలె, నిర్దోషులని చెప్పున్రి అని ఆళ్ల దిక్కోళ్లు అడుగుతున్నరు. దాని ఎన్కనే ఒగోనీల మళ్ల చమురు తోడుదామనే మాటలు నడుస్తున్నయ్. రోజుకు ఎన్ని పీపాలు వస్తయో అప్పుడే లెక్కలు కడుతున్నరు. ఒగోనీ సంఘాలోళ్లు మాత్రం ముందుగాల బాయిల నీళ్లు బాగుచెయ్యున్రి, తర్వాత తోడే ముచ్చట మాట్లాడుదం అంటున్నరు.